దెబ్బకు ఆగిన కెమెరా కాలానికి ఆగిందా?

2006లో జపాన్‌కు చెందిన ఒలింపస్ కంపెనీ మ్యూ 720 ఎస్‌డబ్ల్యూ అనే చిన్న డిజిటల్ కెమెరాను బజారులోకి తెచ్చింది. చొక్కా జేబులో పట్టే లోహపు డబ్బా అది. 3 మీటర్ల లోతు నీళ్లలో ముంచినా, మీటరున్నర ఎత్తు నుంచి జారవిడిచినా దానికేమీ కాదని కంపెనీ చెప్పింది. ఆ మాట మీద కొత్త తరహా కెమెరాల వరసే ఒకటి మొదలైంది. ఇవాళ అలాంటి కెమెరా ఏ అలమరా అడుగునో గీత పడకుండా దొరికిందనుకుందాం. దాంతో ఫోటోలు తీయడం తేలిక కాదు. అందులో పెట్టాల్సింది ఎక్స్‌డీ కార్డు. ఒలింపస్, ఫుజీఫిల్మ్ కలిసి 2002లో తెచ్చిన ఆ కార్డును మిగతా కంపెనీలు పెద్దగా పట్టించుకోలేదు. 2 జీబీ దగ్గరే అది ఆగిపోయింది, 2010 నాటికి ఒలింపస్ కూడా ఎస్‌డీ కార్డుకు మారిపోయింది. కెమెరా లోపలున్న కొద్దిపాటి మెమరీలో నాలుగు ఫోటోలు పడితే పడొచ్చు, అంతే. ఇప్పుడు 105 ఏళ్లు వెనక్కి వెళ్లి, అమెరికాలో కోడక్ 1901లో అమ్మిన నంబర్ 2 బ్రౌనీని చూడండి. అట్టపెట్టె. తోలులా కనిపించేలా పైన నల్లటి పొర అతికించారు. వానలో నానితే ఉబ్బుతుంది, బల్ల మీంచి పడితే మూల నలుగుతుంది. దాని కోసం పుట్టించిన 120 నంబరు రీలు మాత్రం ఇప్పటికీ తయారవుతోంది. ఇవాళ కొన్న రీలును ఆ అట్టపెట్టెలో ఎక్కించి ఫోటో తీయొచ్చు. వెనకవైపు ఎర్ర కిటికీలో కనబడే అంకెలు కూడా ఆ రీలు కాగితం మీద ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి. నేటి ఫిల్ముకు ఎర్ర వెలుతురు కూడా సోకుతుంది కాబట్టి ఆ కిటికీ మీద చిన్న టేపు ముక్క అంటించుకోవాలి, అంతకుమించి మార్పేమీ అక్కర్లేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గట్టి కెమెరా గురించి మనం అడిగే ప్రశ్న సగమే అనిపిస్తుంది. ప్రయాణానికి, రోజువారీ వాడకానికి చిన్న కెమెరా కొనేవారు సాధారణంగా అడిగేది, పడితే పగులుతుందా, తడిస్తే చెడుతుందా అని. నూటపాతికేళ్లకు పైబడిన చిన్న కెమెరాల చరిత్రలో కంపెనీలు జవాబు చెప్పుకుంటూ వచ్చింది కూడా ఆ ప్రశ్నకే. తీరా చూస్తే ఈ కెమెరాల్లో ఎక్కువ భాగం పడిపోయి చావలేదు, మునిగిపోయీ చావలేదు. రీలు ఆగిపోయి, బ్యాటరీ దొరక్క, కార్డు మాయమై, తలుపు రబ్బరు ఎండిపోయి మూలన పడ్డాయి. కెమెరా మన్నిక సగం దాని ఒంట్లో ఉంటే మిగతా సగం ఒంటి బయట, అది ఇతర వస్తువులతో పంచుకునే వాటిలో ఉంది. చరిత్ర ఇచ్చే సాక్ష్యం ఇటువైపే మొగ్గుతుందని నా వాదన.

జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో అమ్మిన మొదటి కోడక్ ధర 25 డాలర్లు. నూరు ఫోటోలకు సరిపడా రీలు లోపలే ఉండేది. అది అయిపోయాక కెమెరాను కెమెరాగానే కంపెనీకి పంపితే, ఫోటోలు అచ్చువేసి కొత్త రీలు ఎక్కించి తిప్పి పంపేవారు. రీలు మార్చడమనే సున్నితమైన పనిని వాడేవాడి చేతిలోంచి తీసేయడమే ఆ పద్ధతిలో అసలు తెలివి. 1900లో వచ్చిన మొదటి బ్రౌనీ ధరను ఒక్క డాలరుకు దించారు. ఫ్రాంక్ బ్రౌనెల్ రూపొందించిన ఆ పెట్టెను పిల్లలకు అమ్మడమే లక్ష్యం. పిల్లల చేతికిచ్చే వస్తువు ఎలా ఉండాలో దాని తయారీలో తెలుస్తుంది. ఒక సాదా లెన్స్, ఒక స్ప్రింగు మీద తిరిగే రేకు షట్టరు, రీలు తిప్పడానికి ఒక తాళంచెవి లాంటి పుల్ల. సర్దడానికి ఏమీ లేదు, కాబట్టి చెడగొట్టడానికీ ఏమీ లేదు. అట్ట బలహీనమే. కాని అట్ట నలిగితే ఫోటో ఆగదు, వెలుతురు లోపలికి దూరనంత వరకు పెట్టె పనిచేస్తుంది. కదిలే భాగాలు తక్కువైతే చెడేవీ తక్కువే అన్న సూత్రాన్ని తర్వాతి కాలంలో కంపెనీలు పదేపదే మరిచిపోయి, పదేపదే కనుక్కున్నాయి.

ప్రయాణికుల సంగతికి వస్తే, మన్నిక గురించి అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఉత్తర ధ్రువం మంచులోంచి వచ్చింది. స్వీడన్‌కు చెందిన ఆంద్రే, మరో ఇద్దరు సహచరులతో 1897 జులైలో బెలూన్ మీద ధ్రువానికి బయల్దేరాడు. మూడు రోజులు తిరక్కముందే బెలూన్ మంచుమీద దిగిపోయింది. ముగ్గురూ నెలల తరబడి నడిచి చివరికి క్వితోయా అనే దీవిలో చనిపోయారు. 33 ఏళ్ల తర్వాత, 1930లో ఒక నార్వే ఓడవాళ్లకు ఆ శిబిరం కనిపించింది. బృందంలో ఫోటోలు తీసిన స్ట్రిండ్‌బెర్గ్ వాడిన రీళ్లు డబ్బాల్లో దొరికాయి. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బెర్గ్ వాటిని ఓపికగా కడిగి సుమారు 240 నెగెటివ్‌లలో 93 బతికించాడు. దిగిపోయిన బెలూన్ పక్కన నిలబడ్డ మనుషుల బొమ్మ అలా ప్రపంచానికి తెలిసింది. ఎవరెస్టు కథలోనూ ఇదే నమ్మకం దాగుంది. 1924 జూన్‌లో మాలరీ, ఇర్విన్ శిఖరం వైపు వెళ్తూ వెస్ట్ పాకెట్ కోడక్ అనే మడతకెమెరా తీసుకెళ్లారు. మడిస్తే జేబులో పట్టే ఆ కెమెరా 1912లో వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కెమెరాగా పేరు పడింది. 1999లో మాలరీ శరీరం దొరికింది, కెమెరా దొరకలేదు. అయినా అది దొరికితే లోపలి రీలును ఇప్పటికీ కడగవచ్చనే ఆశతోనే వెతుకులాట సాగుతోంది. గమనించాల్సిందేమిటంటే ఈ రెండు కథల్లోనూ ఎవరూ కెమెరా డబ్బా పగిలిందా లేదా అని అడగలేదు. బొమ్మ నిలిచిందా అనే అడిగారు. ఫిల్ము మీద పడ్డ బొమ్మ ఎవరి ప్రమేయం లేకుండా చలిలో దశాబ్దాలు ఉండగలదు. మెమరీ కార్డులో బొమ్మ విద్యుత్ చార్జి రూపంలో ఉంటుంది, అది ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా కారిపోతుంది. డిజిటల్ కెమెరా కొనేవారు ఈ తేడాను గుర్తుంచుకుని, తీసిన ఫోటోలను రెండు మూడు చోట్ల దాచుకోవాలి.

వెస్ట్ పాకెట్ కోడక్‌తో పాటు పుట్టిన 127 రీలు పరిస్థితి చూస్తే కథ మరో మలుపు తిరుగుతుంది. కోడక్ దాని తయారీని 1995లో ఆపేసింది. 1963లో ఇన్‌స్టామాటిక్‌తో వచ్చిన 126 క్యాట్రిడ్జ్, 1972 నాటి 110 క్యాట్రిడ్జ్, 1982 నాటి డిస్క్ ఫిల్మ్, 1996లో అయిదు పెద్ద కంపెనీలు చేతులు కలిపి తెచ్చిన ఏపీఎస్, అన్నీ ఇంచుమించు ఇదే దారి పట్టాయి. వీటిలో ప్రతిదీ రీలు ఎక్కించడం తేలిక చేస్తాం, కెమెరాను ఇంకా చిన్నది చేస్తాం అన్న మాటతో వచ్చిందే. ఏపీఎస్ తయారీ 2011లో ముగిసింది. పెద్ద ఎత్తున నిలిచినవి రెండే: 1901 నాటి 120 రీలు, కోడక్ 1934లో డబ్బాలో పెట్టి అమ్మిన 35 మిల్లీమీటర్ల రీలు. మన దేశంలోనూ దీనికి నిదర్శనం ఉంది. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఆగ్ఫా క్లిక్ త్రీ ఎన్నో మధ్యతరగతి ఇళ్లలో మొదటి కెమెరా. ఎండకొకటి, మబ్బుకొకటి గుర్తులు తప్ప పెద్దగా సర్దడానికి ఏమీ లేని ఆ పెట్టె 120 రీలు మీద 12 చదరపు ఫోటోలు తీస్తుంది. తాతల నాటి క్లిక్ త్రీని బయటికి తీసి కొత్త రీలు ఎక్కిస్తే ఇవాళ కూడా పనిచేస్తుంది. దానికి దశాబ్దాల తర్వాత ఎన్నో హంగులతో వచ్చిన ఏపీఎస్ కెమెరా పనిచేయదు.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. బ్రౌనీ తయారుచేసినవారు నూరేళ్ల తర్వాత జరిగేది ఊహించి 120 రీలును ఎంచుకోలేదు కదా, అది అదృష్టమే కదా అని. నిజమే, వాళ్లకు ముందుచూపేమీ లేదు. కాని 120 ఎందుకు బతికిందో చూస్తే అదృష్టం ఒక్కటే కారణం కాదని తెలుస్తుంది. పెళ్లి ఫోటోలు తీసే స్టూడియోలవాళ్లు, పత్రికల ఫోటోగ్రాఫర్లు, రోలైఫ్లెక్స్, హాసెల్‌బ్లాడ్ లాంటి ఖరీదైన కెమెరాలు వాడేవారు, అందరూ దాని మీదే ఆధారపడ్డారు. చవక కెమెరా, ఖరీదైన కెమెరా, అమెరికా కంపెనీ, జర్మనీ కంపెనీ, జపాన్ కంపెనీ ఒకే రీలును పంచుకున్నాయి. ఒక్క కంపెనీ ఒక్క తరహా కెమెరా కోసం పుట్టించినది ఆ కంపెనీ మనసు మారగానే పోతుంది. నలుగురూ పంచుకున్నదాన్ని ఆపేయడానికి నలుగురూ ఒప్పుకోవాలి. ఏపీఎస్ విషయంలో అయిదుగురు కలిసినా, వృత్తిగా ఫోటోలు తీసేవారు అటువైపు రాలేదు, ఆ తర్వాత డిజిటల్ దూసుకొచ్చింది. కొనేవాడు భవిష్యత్తును ఊహించనక్కర్లేదు. ఆ వస్తువును ఇప్పటికే ఎంతమంది, ఎన్ని రకాల పనులకు వాడుతున్నారో లెక్కవేసుకోగలిగితే చాలు.

బ్యాటరీల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1966లో జర్మనీ నుంచి రోలై 35 వచ్చింది. హైన్స్ వాస్కే రూపొందించిన ఆ కెమెరా అప్పటికి 35 మిల్లీమీటర్ల రీలు పట్టే కెమెరాల్లో అతి చిన్నవాటిలో ఒకటి. ప్రయాణికులకు అది ముద్దు. దాని వెలుతురు మీటరు పీఎక్స్ 625 అనే పాదరసపు బ్యాటరీతో నడిచేది. పాదరసం విషమని 1990ల్లో దేశాలు ఆ బ్యాటరీలను నిషేధించాయి. షట్టరు యాంత్రికం కాబట్టి కెమెరా చావలేదు గాని, మీటరు కోసం ఇప్పటికీ వాడేవాళ్లు అడాప్టర్ల కోసం వెతుక్కుంటున్నారు. 1979లో ఒలింపస్ తెచ్చిన ఎక్స్‌ఏకు బ్యాటరీ లేకపోతే షట్టరే తెరుచుకోదు. ఆ లెక్కన అది రోలై కంటే ముందే మూలన పడాలి. పడలేదు. అందులో వేసే రెండు బొత్తాం బ్యాటరీలు గడియారాల కొట్లో, బొమ్మల కొట్లో దొరికే రకమే. కెమెరాకు ఎంత విద్యుత్తు కావాలన్నదాన్ని మించి, అది ఎక్కడ దొరుకుతుందన్నది దాని ఆయుష్షును తేల్చింది.

ఎక్స్‌ఏ గురించి ఇంకో రెండు మాటలు చెప్పాలి. రోజువారీ వాడకపు కెమెరా అంటే ఏమిటో దానిలో స్పష్టంగా కనిపిస్తుంది. దాని రూపకర్త యోషిహిసా మైతానీ అంతకు ముందు 1959లో ఒలింపస్ పెన్‌ను చేశాడు. ఒక ఫ్రేమును సగం చేసి, ఒక్క రీలు మీద రెట్టింపు ఫోటోలు తీసే కెమెరా అది. ఎక్స్‌ఏ కోసం ఆయన కవచం వేయలేదు. లెన్స్ మూత, తోలు సంచీ రెండూ అక్కర్లేకుండా చేశాడు. ముందుభాగంలో జారే మూత ఉంటుంది. దాన్ని బొటనవేలితో పక్కకు తోస్తే లెన్స్, వ్యూఫైండరు బయటపడతాయి, కెమెరా సిద్ధమవుతుంది. తిరిగి మూస్తే మూలలు లేని గుండ్రని సబ్బుబిళ్ల జేబులోకి జారుతుంది. తాళాల గుత్తి, చిల్లర, దువ్వెన, ఏది తగిలినా గీత పడేది మూత మీదే. జేబులోని కెమెరాను రోజూ పాడుచేసేవి ఇలాంటి చిన్న రాపిళ్లే. ఎక్కడో లోయలో పడిపోవడం జీవితంలో ఒకసారి జరగొచ్చు, జరగకపోవచ్చు. మైతానీ ఆ తేడా పట్టుకున్నాడు. ఒలింపస్ తర్వాత 1997లో తెచ్చిన మ్యూ-2 అదే జారే మూతకు జల్లు తట్టుకునే గుణం చేర్చింది. అది వాడే సీఆర్ 123 బ్యాటరీ టార్చిలైట్లలో కూడా వాడతారు కనుక ఇంకా దొరుకుతోంది.

కవచం వేసిన కెమెరాల వంశం వేరే. దాని మూలపురుషుడు సముద్రం అడుగున పుట్టాడు. ఫ్రాన్స్‌కు చెందిన నౌకాయాత్రికుడు జాక్ కూస్టో కోసం బెల్జియం ఇంజినీరు జాన్ ద వూటర్స్ కాలిప్సో అనే కెమెరాను రూపొందించాడు. అప్పటిదాకా నీటి అడుగున ఫోటో తీయాలంటే మామూలు కెమెరాను బరువైన పెట్టెలో బిగించి దించేవారు. కాలిప్సోకు పెట్టె అక్కర్లేదు, దాని ఒళ్లే పెట్టె. 1960ల తొలి ఏళ్లలో ఫ్రాన్స్‌లో అమ్మకానికి వచ్చిన దాన్ని నికాన్ తీసుకుని 1963 నుంచి నికోనోస్ పేరుతో అమ్మింది. ఆ వరస 2001 దాకా నడిచింది. నికోనోస్‌ను దగ్గరగా చూస్తే నీటిని ఆపేది లోహం కాదని అర్థమవుతుంది. లెన్స్ మెడ చుట్టూ, డబ్బా అతుకు దగ్గర సన్నటి రబ్బరు ఉంగరాలు ఉంటాయి. దిగే ముందు వాడేవాడు వాటిని తీసి, తుడిచి, వేలితో చిటికెడు గ్రీజు రాసి, మళ్లీ గాడిలో కూర్చోబెట్టాలి. ఒక తలవెంట్రుక, ఒక ఇసుక రేణువు ఆ ఉంగరం మీద పడిందా, నీళ్లు లోపలికొస్తాయి. రబ్బరు ఎండితే కొత్తది కొని వేసుకోవచ్చు. గట్టితనం పూచీ కంపెనీదీ వాడేవాడిదీ సగం సగం. 40 ఏళ్ల నాటి నికోనోస్‌లు ఇప్పటికీ ఈదుతున్నాయంటే కారణం ఈ ఒప్పందమే. రీలు కూడా అందరూ వాడే 35 మిల్లీమీటర్లదే.

జపాన్‌లో మరో పాయ మొదలైంది. అక్కడ రోడ్డు, వంతెన, కాలువ లాంటి ప్రభుత్వ పనులు జరిగేటప్పుడు ప్రతి దశనూ ఫోటో తీసి రికార్డు పెట్టాలి. పని పేరు, తేదీ, కొలతలు సుద్దతో రాసిన చిన్న నల్లబల్లను ఫ్రేములో పెట్టి తీస్తారు. మట్టి కప్పేశాక లోపలి కమ్మీలు సరిగ్గా వేశారో లేదో చూపేది ఆ ఫోటో ఒక్కటే. ఇలాంటి సైట్ల కోసం కొనికా 1988లో గెన్బా కాంతోకు, అంటే సైటు సూపర్‌వైజరు, అనే కెమెరా తెచ్చింది. సిమెంటు దుమ్ము, వాన, చేతికి తొడుగులు, గుంతలోకి జారిపోవడం, అన్నిటికీ తగ్గట్టు దాన్ని కట్టారు. తర్వాత రికో కూడా సైట్ల కోసం డిజిటల్ కెమెరాలు చేసింది. సెలవు పెట్టి విహారానికి వెళ్లేవాడికి కెమెరా చెడితే ఒక జ్ఞాపకం పోతుంది, కాంట్రాక్టరుకు చెడితే బిల్లు ఆగుతుంది. అందుకే కెమెరా గట్టిదని నమ్మాలంటే ప్రకటన చూడటం కంటే దాన్ని రోజూ పనిలో వాడేవారెవరో చూడటం మేలు.

డిజిటల్ వచ్చిన తొలిరోజుల్లో చిన్న కెమెరాల బలహీనత ముక్కులో ఉండేది. స్విచ్ నొక్కగానే గొట్టం గొట్టంలోంచి బయటికొచ్చే లెన్స్ అన్నమాట. ఆ గొట్టాల మధ్య ఇసుక రేణువు ఇరుక్కుంటే మోటారు తిరగలేక తెర మీద లోపం చూపి ఆగిపోతుంది. 2002లో మినోల్టా డిమాజ్ ఎక్స్ దీనికి విరుగుడు చూపింది. లోపల పట్టకం పెట్టి వెలుతురును 90 డిగ్రీలు కిందికి మళ్లించారు. లెన్సులన్నీ డబ్బాలోనే నిలువుగా కదులుతాయి, బయటికి ఏమీ రాదు. బయటికి వచ్చేది లేనప్పుడు నీరు దూరే దారి మూయడం తేలికైంది. 2005లో పెంటాక్స్ ఆప్టియో డబ్ల్యూపీ, మరుసటి ఏడాది ఒలింపస్ 720 ఎస్‌డబ్ల్యూ ఈ మెలిక మీదే నిలబడ్డాయి. 2009 నుంచి కానన్, పానసోనిక్, ఫుజీఫిల్మ్, నికాన్ ఒకదాని వెనక ఒకటి బరిలో దిగాయి. దీనికి చెల్లించిన మూల్యం ఫోటో నాణ్యత. ఇరుకు డబ్బాలో మడిచిన లెన్స్‌కు వెలుతురు తక్కువ అందుతుంది, చిన్న సెన్సరు మీద చీకట్లో బొమ్మ గరుకుగా పడుతుంది. ఒలింపస్ 2012లో టీజీ-1లో ఎఫ్ 2 లెన్స్ పెట్టి, 2017లో టీజీ-5లో మెగాపిక్సెళ్లను 16 నుంచి 12కు తగ్గించి ఈ లోటును కొంత పూడ్చింది. అంకెలు పెంచడమే అమ్మకపు మంత్రమైన రోజుల్లో అంకె తగ్గించడం ధైర్యమే.

డబ్బా మీద రాసే మీటర్ల లెక్కలు ఎంతవరకు నమ్మొచ్చు? నీటి పరీక్ష కొత్త కెమెరా మీద, శుభ్రమైన నిశ్చలమైన నీటిలో, నిర్ణీత సమయం జరుగుతుంది. సముద్రపు ఉప్పు, అలల తోపుడు, ఎండలో వేడెక్కిన కెమెరాను చల్లటి నీళ్లలో ముంచితే లోపల పట్టే చెమ్మ, ఇవి ఆ లెక్కలో లేవు. నికోనోస్‌లో లాగా రబ్బరు ఉంగరాన్ని వాడేవాడు మార్చుకునే వీలు ఈ డిజిటల్ డబ్బాల్లో చాలావాటిలో లేదు. ఏడాదికోసారి సర్వీసు సెంటరులో రబ్బరు మార్పించమని కంపెనీల పుస్తకాలు చెబుతాయి. ఎంతమంది మార్పిస్తున్నారో ఊహించుకోవచ్చు. నీళ్లు దూరిన కెమెరాను బియ్యం డబ్బాలో పాతిపెట్టే వైద్యం మన ఇళ్లలో ఉండనే ఉంది, ఉప్పునీటి తుప్పుకు మాత్రం అది మందు కాదు. పైగా వేడి, తేమ దెబ్బ తగలకుండానే పని ముగించగలవు. 2005 చివర్లో సోనీ తయారీ సీసీడీ సెన్సర్లు వాడిన కానన్, నికాన్, ఫుజీఫిల్మ్ తదితర కంపెనీలు వరసగా ఉచిత మరమ్మతులు ప్రకటించాయి. వేడిగా, తేమగా ఉండే చోట్ల సెన్సరు లోపలి సన్నతీగల అతుకులు ఊడిపోయి బొమ్మ నల్లబడటమో, వంకరపోవడమో జరిగింది. చేతిలోంచి జారకపోయినా, నీళ్లు ముట్టకపోయినా ఆ కెమెరాలు చెడ్డాయి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉండేవారికి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు, లెన్స్ మీద బూజు అక్కడ మామూలే.

ఇంత చరిత్ర ఎందుకు, అందరి జేబులో నీళ్లు తట్టుకునే ఫోన్ ఉంది కదా అన్నది అసలైన అభ్యంతరం. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు కంపెనీల నుంచి బయటికెళ్లాయి. 2023లో అవి 80 లక్షలకు చేరలేదు, అందులో చిన్న కెమెరాలు సుమారు 17 లక్షలే. పగటి వెలుతురులో మంచి ఫోన్ తీసే ఫోటో ఈ గట్టి కెమెరాల ఫోటో కంటే తరచూ బాగుంటుంది, ఒప్పుకోవాల్సిందే. కాని ఫోన్ కూడా 720 ఎస్‌డబ్ల్యూ దారిలోనే నడుస్తోంది. అతికించేసిన బ్యాటరీ, కొన్నేళ్లకు ఆగిపోయే సాఫ్ట్‌వేర్, కాలంతో తగ్గిపోతుందని కంపెనీలే రాసే నీటి రక్షణ. నీటి అడుగున టచ్ తెర మాట వినదు, తొడుగుల చేతికీ అంతే. ఇంకో సంగతి, ప్రయాణంలో ఫోన్ అంటే టికెట్టు, మ్యాపు, యూపీఐ, ఇంటివాళ్ల నంబర్లు అన్నీ కలిపి. దాన్ని అలల్లోకి తీసుకెళ్లి ఫోటో తీయడంలో పోగొట్టుకోగలిగేది ఒక్క ఫోటో కాదు.

వాడి పారేసేది కొంటే సరిపోదా అన్నవారికీ చరిత్రలో జవాబుంది. ఫుజీ 1986లో జపాన్‌లో రీలుతో పాటే వచ్చే ఒకసారి వాడే కెమెరాను అమ్మి ఈ దారి తీసింది. సముద్రతీరంలో ఒక రోజుకు అది చక్కగా సరిపోతుంది. ఏడాది పొడవునా రోజూ వాడేదానికి అది ఖరీదైన దారి. అన్నీ ఎలాగూ మారిపోతున్నాయి కదా, పదేళ్ల మన్నిక ఎవరికి కావాలి అనేవాళ్లూ ఉంటారు. కావాల్సింది పదేళ్లు ఆగే డబ్బా ఒక్కటే కాదు, మూడో ఏడు బ్యాటరీ ఉబ్బితే మరొకటి దొరికే వీలు కూడా. ఒలింపస్ కెమెరాల విభాగం 2021లో ఓఎం డిజిటల్ సొల్యూషన్స్‌గా చేతులు మారింది. 2023లో ఆ కొత్త కంపెనీ తెచ్చిన టీజీ-7లో పట్టే బ్యాటరీ, 2017 నాటి టీజీ-5లోదీ 2019 నాటి టీజీ-6లోదీ ఒకటే రకం. చార్జింగుకు యూఎస్‌బీ-సి వచ్చింది, ఫోటోలకు మామూలు ఎస్‌డీ కార్డు. 15 మీటర్ల నీటి లోతు, 2.1 మీటర్ల పతనం అని డబ్బా మీద రాసిన అంకెలకంటే నాకు ఈ మూడు సంగతులు ముఖ్యం. రికో డబ్ల్యూజీ వరస కూడా ఎస్‌డీ కార్డే వాడుతుంది. మిగతా పెద్ద కంపెనీలు ఈ బరిలోంచి దాదాపు తప్పుకున్నాయి.

కాబట్టి కొట్లోకి వెళ్లినప్పుడు కెమెరాను కింద పడేసి చూపమని అడగకండి. అడుగున ఉన్న తలుపు తెరవమనండి. అందులో పట్టే కార్డు ఏది, బ్యాటరీ మీద రాసిన నంబరు ఎన్నేళ్లుగా ఎన్ని మోడళ్లలో వాడుతున్నారు, చార్జరు మీ ఫోన్‌దే సరిపోతుందా, తలుపు అంచు రబ్బరు మార్చేవారు మీ ఊరికి ఎంత దూరంలో ఉన్నారు అని అడగండి. పాతది కొంటే, రబ్బరు మార్పించేదాకా దాన్ని నీళ్లలో దించవద్దు. సముద్రంలో వాడిన రోజు మంచినీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, ఆరాకే తలుపు తీయండి. తీరప్రాంతాల్లో సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో దాచండి. ప్రయాణానికీ రోజువారీకీ ఒకే చిన్న కెమెరా కావాలనుకుని, నీళ్లూ ఇసుకా తప్పనివారికి ఇప్పుడున్న కొద్దివాటిలో టీజీ-7 తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. నీళ్లతో పని లేనివారు దాని జోలికి పోనక్కర్లేదు. ఎస్‌డీ కార్డు పట్టి, యూఎస్‌బీ-సితో చార్జ్ అయ్యే మామూలు చిన్న కెమెరా ఒకటీ, దాన్ని పెట్టుకోవడానికి ఒక జిప్ కవరూ వాళ్లకు సరిపోతాయి.